చీ మాఫీ

"ఛీ అంటదా? నన్ను పట్టుకొని ఛీ అంటదా?"

"నిన్ను అనలే తమ్మీ. ముందు కూసో."

"నా చెయ్యి పట్టుకొని, నా మొహంల మొహం పెట్టి అన్నది అక్కా. ఒక్కసారి గాదు. ఇన్నేండ్లల్ల మా ఫోర్‌మన్ గూడ నన్ను గంత మాట అనలే."

"నో కప్," అంది డాక్టరమ్మ. అతను ఎందుకు అరుస్తున్నాడో ఆమెకు తెలియదు. నేను సిద్ధం చేసి పెట్టిన గాజు కప్పులను ఒక్కొక్కటే తిరిగి పెట్టెలో సర్దేస్తోంది. "నో నీడిల్. చీ మాఫీ. చీ మాఫీ!"

"ఇగో, మళ్ల అన్నది! విన్నవా?"

"విన్న. అరవకు. బయట మంది కూసున్నరు."

"విననీ అందరిని. కప్పులు పెట్టుమంటె పెట్టదు, మందియ్యదు, పైకెల్లి ఛీ కొడతది. గ్యాస్ పట్టింది, జరంత గుంజి తీయుమన్న. గదేమన్న తప్పు మాటనా?"

"ఆమె దాని గురించే చెప్తున్నది."

"ఏం చెప్తున్నది? ఛీ అని చెప్తున్నది!"

అతను నిలబడి చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు. ఒకటి పైకి, ఒకటి కిందికి పడింది. కోపం వల్ల అనుకున్నాను.

ఇది ఖతర్‌లో, అల్ ఖోర్‌లోని ఒక చిన్న చైనా వైద్యం క్లినిక్‌లో, ఒక శుక్రవారం మధ్యాహ్నం జరిగిన గొడవ. నేను అక్కడ ఆయాను. మా ఊరివాళ్ళకు మాత్రం ఇప్పటికీ నేను దుబాయ్‌లో పనిచేసి వచ్చిన ముసలమ్మనే. దుబాయ్ కాదమ్మా, ఖతర్ అని చెప్పీ చెప్పీ విసుగొచ్చి మానేశాను. నేను చదివింది మూడో తరగతి. పెద్ద మాటలు రాయడం రాదు, వచ్చినా రాయను. దవాఖానల్లో పనికని గల్ఫ్ దారి పట్టే ఆడపిల్లలు ఇప్పుడు ఊరూరా ఉన్నారు. మీకోసమే రాస్తున్నాను. చదివి ఏం నేర్చుకోవాలో మాత్రం నన్ను అడగొద్దు. నాకు తెలిస్తే ఇంత పొడుగు రాసేదాన్ని కాదు.

మొదట్లో నేను ఉమ్ సలాల్‌లో ఒక విల్లాలో ముసలామెకు సేవ చేసేదాన్ని. ఆమె కాలం చేశాక ఆ ఇంటివాళ్ళే తెలిసినవాళ్ళకు చెప్పి నన్ను ఈ క్లినిక్‌లో పెట్టించారు. తుడవడం, ఉతకడం, నీళ్ళు కాచడం, వీపు మీద బోర్లించి నొప్పిని గుంజే గాజు కప్పులు కడగడం నా పని. దుబాసీ పని ఎవరూ ఇవ్వలేదు, దానంతటదే నా నెత్తిన పడింది. వచ్చేవాళ్ళలో సగంమంది రాస్ లఫాన్ గ్యాస్ ప్లాంట్లలో పనిచేసే మనవాళ్ళే. జగిత్యాల, నిజామాబాద్ వైపు మనుషులు. నడుములు విరిగేలా పనిచేసి వచ్చి, ఎక్కడ నొప్పి అంటే ఒళ్ళంతా చూపిస్తారు. వాళ్ళ తెలుగు డాక్టరమ్మకు రాదు. ఆమె చైనా భాష దేవుడికి కూడా వచ్చో రాదో. మధ్యలో నేను.

మా ఇద్దరికీ ఉన్నది ఒక అతుకుల బొంత భాష. ఇంగ్లీషు ముక్కలు నాలుగు, అరబ్బీ ముక్కలు నాలుగు, ఆమె నా దగ్గర నేర్చుకున్న హిందీ రెండు. గల్ఫ్‌లో బతకడానికి ఒక్క మాట చాలు, అది మాఫీ. లేదు అని. నీళ్ళు మాఫీ, డ్యూటీ మాఫీ, డబ్బుల్లేకపోతే ఫులూస్ మాఫీ. ఆ మాట మా ఇద్దరికీ బాగా వచ్చు. రోజుకు వందసార్లు అనేవాళ్ళం.

నా దుబాసీతనం ఎలా ఉండేదో ఒకటి చెప్తాను, నవ్వుకోండి. కొత్తల్లో ఒకతను వచ్చి, "కాళ్ళు గుంజుతున్నయ్ అమ్మా" అన్నాడు. నేను ఉన్నదున్నట్టు "లెగ్ పుల్, మేడమ్" అన్నాను. ఆమె తలూపి, అతన్ని పడుకోబెట్టి, రెండు పాదాలూ పట్టుకుని తన బలమంతా పెట్టి లాగింది. బక్కమనిషి గానీ చేతుల్లో ఇనుము ఉండేది. ఆ పిల్లగాడు మంచం మీది నుంచి సగం కిందికి జారి, "ఎక్కడి మంత్రసాని అమ్మా ఈమె" అన్నాడు. నొప్పి మాత్రం తగ్గిందట. మళ్ళీ వచ్చి కాళ్ళే లాగించుకున్నాడు. అప్పటినుంచి నేను నొప్పి సంగతి నోటితో చెప్పడం తగ్గించి, నా ఒంటి మీద చూపించడం మొదలుపెట్టాను.

డాక్టరమ్మది నాకంటే కొంచెం చిన్న వయసు. తండ్రి కూడా ఇదే వైద్యం చేసేవాడట. చిన్నప్పుడు ఏళ్ళ తరబడి వచ్చినవాళ్ళ నాడి పట్టుకుని కూర్చోవడమే తప్ప సూది ముట్టుకోనివ్వలేదట. వాళ్ళ ఊళ్ళో ఆమె కోసం జనం తెల్లారకముందే వచ్చి వరసలో కూర్చునేవాళ్ళట. ఇక్కడ? ఇక్కడికి వచ్చే మగవాళ్ళు తలుపు దగ్గర నిలబడి "మసాజ్ ఉందా" అని అడిగేవాళ్ళు. ఆ మాట ఆమెకు అర్థమయ్యేది. అర్థమైన ప్రతిసారీ లోపలికి వెళ్ళి చేతులు కడుక్కునేది. నేను బయటికి వెళ్ళి వాళ్ళకు నా భాషలో సమాధానం చెప్పేదాన్ని. అది ఇక్కడ రాయను.

ఆమె దగ్గర ఎండిన ఆకు చుట్టలు ఉండేవి. కొస అంటించి, ఒంటికి తగలకుండా నొప్పి మీద సెగ చూపించేది. మొదటిసారి ఆ పొగ పీల్చినప్పుడు నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మాచిపత్రి! వినాయక చవితికి పత్రిలో తెచ్చే మాచిపత్రి. ఎడారిలో, చైనా మనిషి చేతిలో. నేను "ఇది మా దేవుడి ఆకు" అన్నాను. ఆమెకు ఏం అర్థమైందో, ఒక చుట్ట కొస తుంచి నా చేతిలో పెట్టింది. పొగకు సీలింగులోని అలారం మోగుతోందని తరవాత మేనేజరు దాన్ని బంద్ చేయించాడు. కొన్ని వేర్లకూ ఆకులకూ అనుమతి లేదని అవీ పోయాయి. చివరికి ఆమెకు మిగిలింది సూదులు, కప్పులు, తన మూడు వేళ్ళు.

మా ఇద్దరికీ ఎలా కుదిరిందని అడిగేవాళ్ళు. ఆమె కూడా నాలాగే పొద్దున గంజి తాగేది. మామిడిపండు వేడి, దోసకాయ చలువ అంటే నాకు ఎవరూ నేర్పనక్కర్లేదు, ఆమె లెక్కా అదే. ఎండలోంచి వచ్చి ఐసు పెప్సీ తాగేవాళ్ళను ఇద్దరం చెరో భాషలో తిట్టేవాళ్ళం. ఇక పొదుపు. ఒక దూది ఉండను రెండు చేసేది. నేను రెండింటిని మూడు చేసేదాన్ని. నాడి చూసేటప్పుడు మణికట్టు కింద పెట్టే చిన్న దిండు మొదట్లో ప్లాస్టిక్‌ది. పగిలిపోతే మేనేజరు కొత్తది తెప్పిస్తానని నెల తిప్పాడు. నేను పాత దుప్పటి ముక్కతో కుట్టి, లోపల బియ్యం పోసి ఇచ్చాను. ఆమె దాన్ని మూడు వేళ్ళతో నొక్కి చూసింది. దిండుకు కూడా నాడి చూస్తోందని నవ్వుకున్నాను.

నాడి చూసేటప్పుడు ఆమె మాట్లాడేది కాదు, ఎవర్నీ మాట్లాడనిచ్చేది కాదు. చూడటం అయ్యాక ఒక్క మాట అనేది. "చీ గుడ్." లేదా, "చీ లిటిల్." చీ అంటే ఏంటో నేను అడిగిన రోజున, ఆమె గట్టిగా ఊపిరి పీల్చి వదిలింది. తరవాత నా భుజం నుంచి వేళ్ళ కొసదాకా వేలితో గీసింది. గంజి గిన్నె మీది ఆవిరి చూపించింది. వాయువు అనుకున్నాను. ఒంట్లో తిరిగే గాలి. మన పెద్దవాళ్ళూ అనేవాళ్ళు కదా, వాయువు పట్టింది, వాయువు తిరిగింది అని.

"చీ మాఫీ" అని మాత్రం ఆమె అనగా ఆ శుక్రవారందాకా నేను వినలేదు.

ఆ మనిషి సంగతి చెప్పాలి. పొడుగ్గా ఉండేవాడు, నలభై దాటి ఉంటాయి. ప్లాంటులో ఎత్తు పనులకు ఇనుప పైపుల మంచెలు కట్టేవాడు. నాలుగైదుసార్లు నడుము నొప్పికి వచ్చి కప్పులు పెట్టించుకున్నాడు. అతన్ని తీసుకొచ్చేది అతని రూమ్మేట్, కంపెనీ బస్సు డ్రైవరు. హైదరాబాద్ పాతబస్తీ ముస్లిం. నన్ను ఖాలా, అంటే పిన్నమ్మా, అని పిలిచేవాడు. ఇద్దరూ ఒకే గదిలో ఏళ్ళుగా ఉన్నారు, ఒకళ్ళ కూర ఒకళ్ళు తిన్నారు, ఎప్పుడు చూసినా ఒకళ్ళనొకళ్ళు ఏడిపించుకుంటూనే ఉండేవాళ్ళు. ఆ రోజు కూడా నవ్వుతూనే వచ్చారు.

"ఖాలా, ఈనకు గ్యాస్ పట్టింది. మొత్తం రాస్ లఫాన్ గ్యాస్ ఈన కడుపులనే ఉంది," అన్నాడు డ్రైవరు.

"నువ్వు వండిన మటన్ తింటె గ్యాస్ గాక ఏం వస్తది భాయ్," అన్నాడు ఇతను.

డ్రైవరు అసర్ నమాజుకని మస్జిద్‌కు వెళ్ళాడు. నేను మంచం మీద కొత్త కాగితపు దుప్పటి పరిచాను, కప్పులు తీసి పెట్టాను. ఇతను కుర్చీలో కూర్చుని ఛాతీ మధ్యలో అరచెయ్యి పెట్టి చూపించాడు. "ఈడ పట్టేసినట్టు ఉంటది అక్కా. మెట్లెక్కితె ఎక్కువైతది. నిలబడితె పోతది. గ్యాసే. ఈపు మీద కప్పులు పెట్టి గుంజుమను, పోతది."

ఆమె నాడి పట్టుకుంది. ముందు ఒక చెయ్యి. తరవాత రెండోది. మళ్ళీ మొదటిది. ఆమె కళ్ళు మూసుకుంటే నేను ఆమె మొహం చూసి పేషెంటు సంగతి చెప్పగలిగేదాన్ని. ఆ రోజు ఆమె మొహంలో ఏమీ కనపడలేదు. నాలుక చాపమంది. చూసి, లేచి, నన్ను పక్క గదిలోకి తీసుకెళ్ళింది.

"ఫ్యామిలీ?" అంది.

వాళ్ళ దగ్గర పెద్ద జబ్బయితే రోగికి చెప్పరట. ఇంటివాళ్ళను పక్కకు పిలిచి చెప్తారట. మన దగ్గరా అంతే. కానీ క్యాంపులో ఉండే మనిషికి ఇంటివాళ్ళు ఎక్కణ్ణుంచి వస్తారు?

"ఫ్యామిలీ మాఫీ, మేడమ్."

"ఫ్రెండ్?"

"ఫ్రెండ్ మస్జిద్."

ఆమె నా చెయ్యి తీసి నా ఎడమ రొమ్ము మీదే పెట్టి నొక్కింది. "దిస్," అంది. "హాస్పిటల్. టుడే. నౌ." తరవాత గోడ మీద వేలితో కొట్టి చూపించింది. టక్, టక్, టక్. ఆగింది. టక్. చాలాసేపు ఆగింది. టక్.

నేను తిరిగి వచ్చి అతనికి చెప్పాను. దాచి చెప్పడం, తిప్పి చెప్పడం నాకు రాదు. "గుండె చూపించుకోవాలె తమ్మీ. పెద్ద దవాఖానల. ఇయ్యాలనే."

"గుండె గాదక్కా. గ్యాస్. నా పానం నాకు తెల్వదా?"

"ఆమెకు నాడిల తెలిసింది."

"హాస్పిటల్ చెక్ అన్నదా?"

"అన్నది."

"అందరు అంటరు," అని చెయ్యి ఊపేశాడు. అది నిజమే. అక్కడ ఏ చిన్న క్లినిక్‌కు వెళ్ళినా చివరికి హాస్పిటల్ చెక్ అంటారు. దద్దుర్లకు అంటారు, చెవిలో గుబిలికి కూడా అంటారు. తమ మీదికి ఏమీ రాకుండా చూసుకునే మాట అది. దాన్ని వినీ వినీ మనవాళ్ళ చెవులు మొద్దుబారాయి. "పెద్ద దవాఖానకు పోతె పేపర్ కంపెనీకి పోతది అక్కా. గుండె అని రాసిండ్రనుకో, ఎత్తు మీద పనికి అన్‌ఫిట్. ఇగ టికెట్ చేతుల పెట్టి ఇంటికి తోలుతరు. నాకు వేరే పనొస్తదా? కప్పులు పెట్టుమను."

డాక్టరమ్మ ఫోను తీసింది. అంబులెన్సు అన్న మాట అతనికి అర్థమైంది. కుర్చీలోంచి లేచాడు. "నడిచొచ్చినోనికి అంబులెన్సా? వద్దు! వద్దని చెప్పు!" మేనేజరు తలుపు తీసి, ఏమిటీ గోల, మనిషి వద్దంటుంటే ఫోను ఎందుకు, బయట పేషెంట్లు లేచి పోతున్నారు అని ఆమె మీద మండిపడి, తలుపు వేసుకుని వెళ్ళాడు. అప్పుడు ఆమె ఫోను పెట్టేసి, అతని మణికట్టు గట్టిగా పట్టుకుని, మొహం దగ్గరికి వంగి, తనకు వచ్చిన భాషలో, తన వైద్యంలో అంతకు మించి లేని మాట చెప్పింది. చీ మాఫీ.

నీలో ఊపిరి బలం లేదు, అని. ప్రాణం లేదు, అని. నాకు ఇప్పుడు అలా అర్థమవుతోంది.

అతనికి వినపడింది ఛీ.

ఇక గొడవ సంగతి మొదటే రాశాను. ఎంతసేపు సాగిందో తెలియదు. అతను తలుపు గొళ్ళెం మీద చెయ్యి వేసేదాకా సాగింది. అలా కోపంతో వెళ్ళిపోతే హాస్పిటల్‌కు పోడు, ఎక్కడికీ పోడు అనిపించి, నేను తలుపుకు అడ్డం నిలబడ్డాను.

"ఇను. నేను చెప్పేది ఇని పో. అది మన ఛీ గాదు. వాళ్ళ భాషల చీ అంటె గాలి. వాయువు. ఒంట్ల తిరిగేది."

అతను ఆగాడు. "వాయువా?"

"ఆ. వాయువే. రోజుకు ఎంతమందిని అంటదో. నన్ను గూడ అంటది."

"చీ అంటె వాయువు," అన్నాడు. ఆ మాటను నోట్లో వేసుకుని రుచి చూసినట్టు మళ్ళీ అన్నాడు. తరవాత నవ్వాడు. మొహం విప్పారింది. ఆ నవ్వు చూసి నేను తలుపు నుంచి పక్కకు జరిగాను. గుండీలు విప్పి సరిగ్గా పెట్టుకున్నాడు. డాక్టరమ్మ వైపు తిరిగి రెండు చేతులూ జోడించి, "సారీ మేడమ్, వెరీ సారీ," అన్నాడు. ఆమె నా వైపు చూసింది. పోతాడా అన్నట్టు. పోతాడు అన్నట్టు తల ఊపాను.

డ్రైవరు వచ్చాడు. "క్యా హువా ఖాలా? అరుపులు బయటికి వినబడుతున్నయ్."

"ఏం కాలే. మీ దోస్తును సీదా పెద్ద దవాఖానకు తీస్కపో. గుండె చూపియ్యాలె. ఇయ్యాలనే. మర్చిపోతె నీ సంగతి చెప్త."

"జీ ఖాలా. పక్కా."

"పోత అక్కా, పోత," అన్నాడు ఇతను. మెట్లు దిగుతూ ఒకచోట ఆగి రెయిలింగు పట్టుకున్నాడు. డ్రైవరు ఏదో అన్నాడు. ఇద్దరూ నవ్వుకున్నారు. బస్సు మలుపు తిరిగేదాకా చూసి లోపలికి వచ్చాను.

గొడవ అయిపోయిందన్న సంతోషం ఎంత చెడ్డదో అప్పుడు నాకు తెలియదు. ఇద్దరు మనుషులు ఒక మాట దగ్గర తగువు పడి, ఆ మాట విడదీసుకుని నవ్వుకున్నాక, పక్క మాటను ఎవరూ చూడరు. మేనేజరు సంతోషించాడు. డాక్టరమ్మ చేతులు కడుక్కుంది. నేను మంచం మీది కాగితపు దుప్పటి చూశాను. అతను దాని మీద పడుకోనేలేదు, ముడత కూడా పడలేదు. వాడనిది పారేయడం నాకు చేతకాదు. చుట్టి అలమారాలో పెట్టాను.

సాయంత్రం చివరి పేషెంటు వెళ్ళాక ఆమె అడిగింది. "హీ గో హాస్పిటల్?"

"యెస్ మేడమ్. బస్సు గో."

"గుడ్," అంది. బియ్యం దిండును దులిపి బల్ల మీద పెట్టింది. తరవాత లైట్లు ఆర్పేసింది.

పొద్దున నేను తలుపులు తీసి, నీళ్ళు పొయ్యి మీద పెట్టాను. సముద్రం వైపు నుంచి ఉక్క గాలి. అద్దాలన్నీ చెమట పట్టి ఉన్నాయి. డాక్టరమ్మ వెనక వరండాలో రోజూ చేసే నెమ్మది కసరత్తు చేస్తోంది. చేతులు నీళ్ళలో ఆడించినట్టు ఆడిస్తుంది. నా ఫోను మోగింది. బస్సు డ్రైవరు.

"ఖాలా," అన్నాడు. వెనకాల మనుషుల గొంతులు, ఏదో బండి సైరను వినిపిస్తున్నాయి.

"దవాఖానల ఉన్నరా?" అన్నాను.

"రాస్ లఫాన్ గేట్ కాడ ఉన్నం ఖాలా."

తెల్లవారకముందే ఎప్పటిలాగే డ్యూటీకి బయల్దేరారట. ఇతను ఎప్పటిలాగే డ్రైవరు వెనక సీట్లో కూర్చుని తల కిటికీకి ఆనించాడట. ఆ బస్సుల్లో అందరూ నిద్రపోతారు. గేటు దగ్గర సెక్యూరిటీ ఎక్కితే కళ్ళు తెరవకుండానే అందరూ గేట్‌పాస్‌లు ఎత్తి చూపిస్తారు. ఇతను ఎత్తలేదట. లే భాయ్, లే, అని డ్రైవరు ముందు సీట్లోంచే అరిచాడట. నిద్ర నటిస్తున్నాడనుకుని తిట్టాడట కూడా. తరవాత లేచి వెళ్ళి భుజం మీద చెయ్యి వేశాడట.

"నిన్న దవాఖానకు ఎందుకు తీస్కపోలే?" అన్నాను.

"పోదాం భాయ్ అన్న ఖాలా. బస్సుల కూసున్నంక నేనే అన్న. ఈన నవ్విండు. అక్క ఊకెనే భయపడుతున్నది, డాక్టరమ్మ నా చెయ్యి పట్టుకొని తన నోటితోనే చెప్పింది అన్నడు. చీ అంటె గ్యాస్ అంట. చీ మాఫీ, గ్యాస్ మాఫీ అన్నదట. రాత్రి రూముల గూడ అందరికి అదే చెప్పిండు. గ్యాస్ మాఫీ అయిందని మంచిగ తిన్నడు ఖాలా. చీ అంటె గ్యాసే గదా? నువ్వే చెప్పినవట గదా?"

నేను వాయువు అన్నాను. నేను చెప్పింది తప్పు మాట కాదు. ఎవరు ఇప్పుడు అడిగినా అదే చెప్తాను. ఆ డ్రైవరు పిల్లగాడికి మాత్రం ఫోనులో ఈ మాట చెప్పలేదు. "గదే, గ్యాసే," అన్నాను. "నీ తప్పేం లేదు. ఆయన ఇంటికి ఫోన్ చేసినవా?"

"జేయలే. ఏమని జేయాలె?"

"నేను జేస్త. నంబరు పంపు," అని పెట్టేశాను.

డాక్టరమ్మ వరండాలోంచి లోపలికి వచ్చింది. నా మొహం చూసింది. ఆమెకు నాడి అక్కర్లేకపోయింది.

"ఎస్టర్‌డే మ్యాన్?" అంది.

మా ఇద్దరి అతుకుల భాషలో దానికి వేరే మాట ఎంత వెతికినా దొరకలేదు.

"ఆదమీ మాఫీ, మేడమ్," అన్నాను.

"హాస్పిటల్?"

"హాస్పిటల్ మాఫీ."

ఆమె కుర్చీలో కూర్చుంది. బియ్యం దిండును దగ్గరికి లాక్కుని, దాని మీద తన మణికట్టు పెట్టుకుని, రెండో చేతి మూడు వేళ్ళతో తన నాడి తానే పట్టుకుంది. నీళ్ళు మరిగాయి. పొయ్యి ఆపాను. బయట గంట మోగింది. మెడ నొప్పికని ముందే చెప్పుకున్న డ్రాయింగు ఆఫీసు గుమాస్తా. ఆమె లేచి చేతులు కడుక్కుంది. అలమారాలోంచి నిన్నటి కాగితపు దుప్పటి తీసి మంచం మీద పరిచాను. అతన్ని దాని మీద పడుకోబెట్టాను.